ధైర్యమా, ధార్ష్ట్యమా?



ఈ పూట ఇంగ్లీషు భాషలోని ఒకే ఒక విశేషణమును గురించి ముచ్చటించదలచినాము. ఒక్క మాటకు ఇంత ప్రసంగమా అని మీకు తోచవచ్చును. కాని ఆ ఒక్క మాట మేమెరిగిన ఒక ఇంటికి రెండు రోజుల సంతోషమును, ఒక రాత్రి దుఃఖమును తెచ్చిపెట్టినది. మాటలే వృత్తిగా బ్రతుకు మావంటివారికి కూడ ఒక పాఠము నేర్పినది. కనుక మొదట ఆ కథ చెప్పి, పిమ్మట మాటలోనికి వస్తాము.

కొంతకాలము క్రిందట సెలవుమీద మా స్వస్థలమైన పాతపట్నము వెళ్ళినాము. పాతపట్నము శ్రీకాకుళము జిల్లాకు అంచున ఉన్న ఊరు. నౌపడా నుండి గుణుపురము పోవు రైలు టెక్కలి దాటి మా ఊరు వచ్చి, ఆ వెంటనే పర్లాకిమిడి చేరుతుంది. పర్లాకిమిడి ఒడిశాలోనిది. మా సంతలో ఒక చెవికి తెలుగు, రెండవ చెవికి ఒడియా వినబడుతూ ఉంటుంది. ఈ మాటను ఆ భాషలో ఏమంటారన్న ప్రశ్న మా ఊరిపిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినదే.

ఒకనాటి సాయంకాలము వీధి అరుగుమీద కూర్చుండగా, పొరుగు పల్లెనుండి ఒక రైతు వచ్చినాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితమున్నది. ముఖము వెలిగిపోతున్నది.

"బాబూ, మా గుంట దైర్నం గల పిల్లని బళ్ళోంచి ఉత్తరం రాసేరు. సోమారం నన్ను రమ్మన్నారు. ఒట్టి సేతుల్తో ఎలా ఎల్తాను? పళ్ళు సాలునా, మిఠాయి కూడా పట్టుకెళ్ళాలా?" అని అడిగినాడు.

కాగితము విప్పి చూచినాము. ఆ అమ్మాయి చదువుతున్న ఇంగ్లీషు బడి ప్రధానోపాధ్యాయులు వ్రాసిన నాలుగు పంక్తుల ఉత్తరమది. అందులో అసలు వాక్యము ఇది: "యువర్ డాటర్ ఈజ్ ఏన్ ఇంప్యుడెంట్ గర్ల్." సోమవారము ఉదయము తండ్రి వచ్చి కలియవలెనని చివరి పంక్తి.

ఆ పల్లెలో ఇంగ్లీషు కొంత వచ్చిన కుర్రవాడొకడు నిఘంటువు తెరచి అర్థము చూచినాడట. అక్కడ రెండు మాటలున్నవి. మొదటి మాట పొడవైనది, అతనికి తెలియనిది. రెండవది 'బోల్డ్', తెలిసినది. తెలియని మాటను విడిచిపెట్టి, తెలిసిన మాటకు ధైర్యవంతురాలని అర్థము చెప్పినాడు. ఆ మొదటి మాటకు 'ఎదుటివారికి నొప్పి కలుగునట్లు' అని అర్థమని ఆ కుర్రవానికి తెలియదు. తండ్రి ఆ సంతోషములో నీలమణి దుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఆ ప్రసాదము మాకు కూడ తెచ్చినాడు. ప్రసాదము చేతిలో ఉండగా నిజము చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాని సోమవారమునాడు మిఠాయి పొట్లముతో ఆయన ఆ గదిలోనికి పోవుట తలచుకొనగానే, చెప్పక తప్పదనిపించినది. మెల్లగా చెప్పినాము. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే మా గుంటని సిగ్గులేందన్నారా బాబూ?" అని మాత్రము అడిగినాడు.

"రేపు ఉదయము అమ్మాయిని కూడ తీసుకొని రండి. ఏమి జరిగినదో విన్న తరువాత మాటాడుకొందాము" అని పంపినాము. ఆ రాత్రి ఆ మాటను గురించి మేము ఆలోచించుకొన్నదానినే ఇప్పుడు మీ యెదుట పెడుతున్నాము.

ఇంప్యుడెంట్ అను మాట లాటినునుండి వచ్చినది. ఆ భాషలో 'పుదేరె' అనగా సిగ్గుపడుట. దానికి ముందు లేమిని తెలుపు 'ఇన్' చేరి, సిగ్గు లేనిది అను అర్థము ఏర్పడినది. కనుక రైతు అడిగిన ప్రశ్న అక్షరాల సరియైనదే. పదము పుట్టుకలో ధైర్యము ప్రసక్తియే లేదు. సిగ్గు విడిచినవానికి పైకి ధైర్యమువంటిదేదో కనబడుతుంది గనుక, నిఘంటుకారులు ధైర్యమును పేర్కొని, దానికి ముందొక కళ్ళెము వేసినారు. కుర్రవాడు కళ్ళెము విడిచి గుఱ్ఱమును పట్టుకొన్నాడు.

ఈ మాటను పలుకునప్పుడు మొదటి అక్షరమును ఊది పలుకవలెను. ఎందుకనగా దీనికి అచ్చముగా కవలపిల్లవంటి మరియొక మాట ఉన్నది. అది ఇంప్రూడెంట్. అందులో రెండవ అక్షరమును ఊది పలుకుతారు. ఒక్క రేఫ చేరినంతనే అర్థము మారిపోయినది. ప్రూడెంట్ అనగా ముందు చూపు గలవాడు. ఇంప్రూడెంట్ అనగా ముందు వెనుకలు చూడనివాడు. వర్షాకాలములో పాత పడవమీద ఏరు దాటబోవుట ఇంప్రూడెంట్. దాటించిన పడవవానికి కూలి ఎగవేసి, పైగా అతనినే గద్దించుట ఇంప్యుడెంట్. పై అధికారికి ఉత్తరము వ్రాయుచు, "ఈ పని తొందరపాటు కావచ్చును" అనదలచినవాడు రేఫ మరచిపోతే, "ఈ పని సిగ్గుమాలినది" అని వ్రాసినవాడవుతాడు. కనుక కలము దించుటకు ముందు ఒక్క క్షణము ఆగుట మంచిది.

ఇక వాక్యములలో ఈ మాట ఎట్లు ఇముడునో చూతము. పిల్లలున్న ఇండ్లలో కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొంటే సంతోషము.

మొదటి వాక్యము: "హీ గేవ్ ఏన్ ఇంప్యుడెంట్ ఆన్సర్." ఇంతసేపు ఎక్కడ ఉన్నావని తండ్రి అడుగగా, నీకెందుకని కొడుకు బదులు చెప్పినాడనుకొందాము. అతడిచ్చిన సమాధానము పెడసరమైనది అని ఈ వాక్యము చెపుతుంది. ఇక్కడ విశేషణము సమాధానమునకు తగిలినది.

రెండవ వాక్యము: "డోంట్ బి ఇంప్యుడెంట్ టు యువర్ గ్రాండ్‌మదర్." నాయనమ్మతో పెంకెగా మాటాడకు అని. ఎవరియెడల ఆ ప్రవర్తనయో చెప్పుటకు 'టు' అను చిన్న మాట వచ్చినది. ఇది గుర్తుంచుకొనవలెను.

మూడవ వాక్యము: "ఇట్ వజ్ ఇంప్యుడెంట్ ఆఫ్ హిమ్ టు ఆస్క్ ఫర్ మోర్ మనీ." పాత బాకీ తీర్చకుండ మరల అప్పు అడిగినవానిని గురించిన మాట. ఇక్కడ మొదట 'ఇట్' వచ్చి, తరువాత 'ఆఫ్ హిమ్' వచ్చి, చివరకు అతడు చేసిన పని వచ్చినది. అడుగుట సిగ్గుమాలిన పని అని మాత్రమే వాక్యము చెపుతున్నది.

నాలుగవ వాక్యము: "హీ హాడ్ ది ఇంప్యుడెన్స్ టు కాల్ మీ ఎ లయర్." ఇక్కడ విశేషణము నామవాచకముగా మారినది. తాను అబద్ధమాడి, నన్నే అబద్ధీకుడనుటకు వానికి ఎంత మొగము చాలినది అని భావము.

ఐదవ వాక్యము ఆ ఉత్తరములోనిది. "షీ ఈజ్ ఏన్ ఇంప్యుడెంట్ గర్ల్." ఇక్కడ విశేషణము సమాధానమునకు తగులలేదు, చేసిన పనికి తగులలేదు, నేరుగా పిల్లకే తగిలినది. వ్యాకరణము దృష్టిలో ఐదు వాక్యములును సాధువులే. కాని మొదటి నాలుగింటిలోని దోషము ఒక పూటది. ఐదవ దానిలోనిది జన్మకంతకు అంటుకొన్నది. ఈ తేడా ఏ నిఘంటువును చెప్పదు. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

నేటి ఇంగ్లీషు సంభాషణలో ఈ మాట కొంత పాతబడినది. బడులలోను, పుస్తకములలోను కనబడినంతగా వీధిలో వినబడదు. అక్కడ రూడ్ అనియో, చీకీ అనియో తేలిక మాటలు వాడుకలో ఉన్నవి. ఈ కుటుంబములోని మాటలను ఒకసారి వరుసగా నిలబెట్టి చూస్తే ఎవరి స్థానము ఏమిటో తెలుస్తుంది.

చీకీ అను మాట చీక్ నుండి, అనగా చెక్కిలినుండి వచ్చినది. దానిలో కొంచెము ముద్దు కూడ ఉన్నది. మనము గడుగ్గాయి అని నవ్వుతూ అను పిల్లవానికి ఇది సరిపోతుంది. ఇంపర్టినెంట్ అనగా మొదట సంబంధము లేనిది అని అర్థము. తనకు సంబంధించని విషయములో తల దూర్చి మాటాడువానికి తరువాత వర్తించినది. మన అధికప్రసంగి ఇతడే. ఇన్సొలెంట్ అను మాటకు లాటినులో వాడుకకు విరుద్ధమైనది అని మూలార్థము. అందులో తిరస్కారము, పొగరు ఎక్కువ. తలబిరుసు అంటే సరిపోతుంది. బ్రేజన్ అనగా ఇత్తడిది. ఇత్తడి ముఖము ఎఱ్ఱబారదు. ఎన్ని మాటలన్నను సిగ్గుతో కందదు. మన భాషలో బరితెగించినవాడు అంటాము. బరి అనగా హద్దు. ఇంగ్లీషువాడు లోహమును చూచినాడు, మనము గీతను చూచినాము; చూచిన మనిషి మాత్రము ఒక్కడే.

ఆడేషస్ అను మాట ఈ కుటుంబములో రెండిండ్ల బిడ్డ. యుద్ధములో సేనాపతి పన్నిన వ్యూహము ఆడేషస్ అంటే మెప్పు. దొంగ పట్టపగలు సంతలో చేసిన దొంగతనము ఆడేషస్ అంటే తెగింపునకు ఆశ్చర్యము, నింద కలిసి ఉన్నవి. మన సాహసము కూడ ఇట్టిదే. నేడు సాహసి అంటే మెచ్చుకొన్నట్లు. ప్రాచీన ధర్మశాస్త్రములలో సాహసము ఒక నేరము. బలాత్కారముగా చేయు దుష్కృత్యములకు ఆ పేరు.

సంస్కృతములో ఇంప్యుడెంట్‌కు అచ్చముగా సరిపోవు మాట ఒకటి ఉన్నది. అది ధృష్టుడు. అలంకారికులు నాయకులను నాలుగు విధములుగా విభజించి, అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అన్నారు. అపరాధము చేసి, అది బయటపడినను జంకు లేక నిలబడినవాడు ధృష్టుడు. అతని గుణము ధార్ష్ట్యము. మన ప్రాంతపు సాహిత్యములో ఇట్టివాని కొరకు దూరము పోనక్కరలేదు. విజయనగరములో గురజాడ అప్పారావుగారు సృష్టించిన కన్యాశుల్కములోని గిరీశము ఉన్నాడు. పూటకూళ్ళమ్మకు బాకీపడి, ఆమెకు మొగము చాటుచేసి, అక్కడినుండి అగ్రహారమునకు పోయి, పిల్లవానికి ఇంగ్లీషు చెప్పు గురువుగా కొలువు దీరినవాడతడు. ఆ ధార్ష్ట్యమునకు మనము నవ్వుతాము. కాని నష్టపోయినది పూటకూళ్ళమ్మ అని మరచిపోరాదు.

ఇందులో ఒక చిత్రమున్నది. ధృష్టుడు అను మాటకు మూలమైన ధృష్ ధాతువును, ఇంగ్లీషులో తెగించుటను తెలుపు డేర్ అను క్రియయు ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఒకే విత్తనము ఒక పొలములో ధైర్యముగాను, మరియొక పొలములో సిగ్గులేమిగాను మొలచినది. మనలో మాత్రము అది ఎప్పుడును నిందయే అయినదా? ద్రుపదుని కుమారుని పేరు ధృష్టద్యుమ్నుడు. పాండవ సేనకు నాయకుడైనవానికి నిందార్థముతో పేరు పెట్టరు గదా. ఆ పేరులో ధృష్ట శబ్దము పరాక్రమమును చెపుతున్నది. ధైర్యమునకు, ధార్ష్ట్యమునకు నడుమ గోడ లేదు, ఒక గీత మాత్రమే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. ఆ గీత ఎక్కడ గీయవలెనన్నదే ప్రశ్న. గీయునది ఎవరన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

ఏలయనగా ఇట్టి మాటలు నీటివలె పల్లమునకే ప్రవహిస్తాయి. ఉపాధ్యాయుడు శిష్యునిగూర్చి అంటాడు. యజమాని సేవకునిగూర్చి అంటాడు. అధికారి గుమాస్తాగూర్చి అంటాడు. పల్లమునుండి మెరకకు ఈ మాట ఎక్కుట అరుదు. 1809లో భాగల్పూరులో రామమోహన రాయ్ పల్లకిలో పోవుచు, త్రోవలో ఉన్న కలెక్టరు సర్ ఫ్రెడరిక్ హామిల్టన్ యెదుట పల్లకి దిగలేదు. కలెక్టరుకు అది అవిధేయతగా తోచి, నడివీధిలో దుర్భాషలాడినాడు. రామమోహన రాయ్ తిరిగి తిట్టలేదు. తలవంచుకొని ఊరుకొననూ లేదు. జరిగినదంతయు వివరించి గవర్నరు జనరలు లార్డు మింటోకు విన్నపము పంపినాడు. పల్లకి దిగకపోవుట ధార్ష్ట్యమా, పెద్దమనిషిని వీధిలో తిట్టుట ధార్ష్ట్యమా? ఆనాడు ఆ విశేషణమును ప్రయోగించు అధికారము ఒక్క పక్షమునకే ఉండినది. రామమోహన రాయ్ చేసిన పని ఏమనగా, ఆ గీతను రెండవ వైపునుండి కూడ గీయవచ్చునని చూపుట.

ఇంత దూరము పోనేల? మేమును ఒకప్పుడు ఆ మాటను పల్లమునకు వదలినవారమే. మేము కొంతకాలము పనిచేసిన ఒక కార్యాలయములో, మాకంటె చాల చిన్నవాడైన ఒక యువకుడు, మేము వ్రాసిన ప్రతిలోని ఒక పొరపాటును నలుగురి యెదుట చూపినాడు. పొరపాటు నిజమైనదే. మాకు మొగము చెల్లలేదు. ఆ సాయంకాలము అతనినిగూర్చి వ్రాయవలసివచ్చిన ఒక చిన్న నోటులో "ఏన్ ఇంపర్టినెంట్ యంగ్ మేన్" అని వ్రాసినాము. పొరపాటును మా ప్రతినుండి దిద్దుకొన్నాము. ఆ మాటను మాత్రము నోటునుండి తీసివేయలేదు. తరువాత అతడు వేరు చోటికి వెళ్ళిపోయినాడు. ఆ కాగితము అతని వెంట ఎంతదూరము పోయినదో, ఎవరి కంట పడినదో మాకు తెలియదు. రైతు చేతిలోని ఉత్తరము చదివిననాటి రాత్రి మాకు నిద్ర పట్టకపోవుటకు సగము కారణము ఇది.

అప్పుడు మాకు పొరుగూరి పెద్దలు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చినారు. 1863లో శ్రీముఖలింగము సమీపమున పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. మన్యములోని సవరల భాషకు అప్పటికి పుస్తకములు లేవు. సవర, తెలుగు రెండును వచ్చిన మనిషిని ఇంట పెట్టుకొని, అతని నోటినుండి ఆ భాష నేర్చినారు. 1931లో సవర భాషా వ్యాకరణము, 1938లో సవర నిఘంటువు వెలువడినవి. మాటకు అర్థము నిఘంటువులో పుట్టదు, మనిషి నోట పుడుతుంది, తరువాత నిఘంటువునకు ఎక్కుతుంది అని ఆయన జీవితమే చెపుతున్నది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అన్నారో తెలిసినగాని మాట తెలిసినట్లు కాదు. మా పల్లె కుర్రవాడు మాటను చూచినాడు, మాటాడినవానిని చూడలేదు.

పంతులుగారు వ్యావహారిక భాష కొరకు పండితులతో పోరాడినారు. 1925లో తాడేపల్లిగూడెములో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాటాడి, గ్రంథములలోని ప్రయోగములనే ఎత్తి చూపినారు. ఆయన మాటలో వాడి ఉండెడిది, వ్యంగ్యమును ఉండెడిది. ఎదుటి పక్షమువారికి కొందరికైనను అది ధార్ష్ట్యముగానే తోచి యుండును. నేడు మనమందరము దానిని ధైర్యమంటున్నాము. ఏ ఆధారముతో? ఒకటి, ప్రతి ఆక్షేపణకును ఒక ప్రయోగమును చూపగలిగినారు. రెండు, ఆ పట్టుదలకు మూల్యము తామే చెల్లించినారు. మన్యములో తిరిగి మలేరియా తెచ్చుకొని, దానికి వాడిన క్వినైను వలన వినికిడి పోగొట్టుకొన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అర్ధశతాబ్దికి పైగా ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వెళ్ళిపోయినారు. ధైర్యవంతుడు తన తెగింపునకు తానే వెల ఇస్తాడు. ధృష్టుడు ఆ వెలను ఎదుటివానిచేత ఇప్పిస్తాడు. గిరీశము బాకీ పూటకూళ్ళమ్మ నెత్తిన పడినట్లు.

మరునాడు ఉదయము రైతు కూతురును వెంటబెట్టుకొని వచ్చినాడు. పన్నెండు, పదమూడేండ్ల పిల్ల. కన్నులు ఏడ్చి వాచి ఉన్నవి. కాని తల వంచుకొనలేదు. ఏమి జరిగినదని అడిగినాము. లెక్కల మాస్టారు నల్లబల్లమీద లెక్క చేయుచు ఏడెనిమిదులు ఏబదినాలుగు అని వేసినారట.

"నేను లేచి, ఏడెనిమిదులు ఏభయ్యారు మాస్టారూ అన్నాను" అన్నది.

"తరువాత?"

పిల్ల కొంచెము ఆగినది. "మాస్టారు వినిపించుకోలేదు. అప్పుడు, మాస్టారికి ఎక్కాలు రావు అన్నాను. అందరూ నవ్వేరు."

ఆ అమ్మాయి దాచకుండ చెప్పినందుకు మాకు సంతోషమైనది. గీత ఎక్కడ ఉన్నదో ఆ రెండు వాక్యముల నడుమ స్పష్టముగా కనబడినది. మొదటి వాక్యము ధైర్యము. నలుబది మంది ఊరకున్నచోట ఒక్కతె లేచి సత్యము చెప్పుట. దానికి అమ్మవారికి కొట్టిన కొబ్బరికాయ వ్యర్థము కాదు. రెండవ వాక్యము లెక్కను విడిచి మనిషిమీదికి పోయినది. ఆ నవ్వు మూల్యము మాస్టారు చెల్లించవలసివచ్చినది. దానిని ఇంగ్లీషులో చెప్పవలెనంటే, "దట్ వజ్ ఏన్ ఇంప్యుడెంట్ రిమార్క్" అనవచ్చును. అక్కడితో ఆగవలెను. ఉత్తరము వ్రాసినవారు విశేషణమును రెండవ వాక్యముమీద పెట్టక, పిల్లమీద పెట్టినారు. మాస్టారు లెక్క తప్పు అనక, మాస్టారికే ఎక్కములు రావన్న పిల్ల చేసిన తప్పును, ఆ పిల్లనుగూర్చి వ్రాసిన పెద్దలును చేసినారు. మేము మా నోటులో చేసినదియు అదియే.

ఈ మాటలనే ఆమెకు తెలిసిన భాషలో చెప్పినాము. పొరపాటును చూపుటకు ఒక మంచి ఇంగ్లీషు వాక్యము కూడ నేర్పినాము. "ప్లీజ్ సర్, షుడ్ ఇట్ నాట్ బి ఫిఫ్టీ-సిక్స్?" మన భాషలో, "మాస్టారూ, అక్కడ ఏభైయారు రావాలేమో, ఒక్కసారి చూడండి" అన్నట్లు. ఇందులో సత్యము ఒక్క వీసము తగ్గలేదు. ఎదుటివాడు తానుగా దిద్దుకొనుటకు కొంచెము చోటు మాత్రము విడిచిపెట్టినాము.

"మరి మాస్టారు అప్పటికీ వినకపోతే?" అని పిల్ల అడిగినది.

మంచి ప్రశ్న. "మరొకసారి అదే మాట చెప్పు. మూడవసారి కూడ అదే చెప్పు. లెక్కను గూర్చి ఎన్నిసార్లైనను చెప్పవచ్చును" అన్నాము. పళ్ళు, మిఠాయి అవసరము లేదనియు, పిల్లను వెంట తీసుకొని పొమ్మనియు తండ్రికి చెప్పినాము.

సోమవారము సాయంకాలము ఆయన తిరిగి మా అరుగుమీదికి వచ్చి జరిగినది చెప్పినాడు. ప్రధానోపాధ్యాయుల గదిలో లెక్కల మాస్టారు కూడ ఉన్నారట. పిల్ల చేతులు కట్టుకొని, "లెక్క నేను చెప్పిందే సరి మాస్టారూ. కాని తరువాత అన్న మాట అనకూడదు. తప్పయింది, క్షమించండి" అన్నదట. మాస్టారు కొంతసేపు కిటికీలోనుండి బయటకు చూచి, "లెక్క నాదే పొరపాటు" అన్నారట. ఆ పైన ఉత్తరము ప్రసక్తి ఎవరును తీసుకొని రాలేదు.

ఆ నాలుగు మాటలు అనుటకు మాస్టారికి ఎంత ధైర్యము కావలసివచ్చినదో మాకు తెలియును. మేము అనవలసిన చోట అనలేకపోయినవారము గనుక తెలియును.

రైతు లేచి వెళ్ళబోవుచు కాగితము మడత విప్పి, "ఇది దాసుకోమంటారా బాబూ, సింపేయమంటారా?" అని అడిగినాడు. అమ్మాయినే అడుగుమన్నాము. ఆమె దానిని ఇంగ్లీషు పుస్తకములో పెట్టుకొన్నదని తరువాత తెలిసినది. ఉత్తరములోని 'గర్ల్' అను మాట కొట్టివేసి, పైన పెన్సిలుతో 'రిమార్క్' అని వ్రాసుకొన్నదట. అప్పుడు ఆ వాక్యము వ్యాకరణరీత్యా నిలువదు. అయినను దానిని దిద్దుటకు మాకు మనసు రాలేదు.